నీళ్లలో వెల్డింగ్ ఎలా చేస్తారు: పద్ధతి ఎంపిక నుంచి చివరి తనిఖీ దాకా

నీళ్లలో మునిగి ఉన్న ఉక్కుకు చిల్లి పడిందంటే, డైవర్‌కి ఫోన్ చేసే ముందే ఒక సంగతి తేల్చుకోవాలి. దీన్ని నీళ్లలోనే అతకక తప్పదా? ఓడను డ్రై డాక్‌కి (ఓడను నిలిపి నీళ్లు తోడేసే రేవు గుంటకి) తీసుకెళ్లే వీలుందా? చుట్టూ అడ్డు కట్టి నీళ్లు తోడేయగలమా? బోల్టులతో బిగించే క్లాంపు సరిపోతుందా? ఇవేవీ కుదరవని తేలాకే నీళ్లలో వెల్డింగ్ మాట ఎత్తాలి. ఈ పని చక్కగా చేసేవాళ్లు ఉన్నారు, వాళ్లు వేసిన అతుకులు ఏళ్ల తరబడి నిలుస్తున్నాయి. అయినా పైన పదినిమిషాల్లో అయ్యే వెల్డు నీళ్లలో ఒక మనిషి ప్రాణాన్ని కాసేపు పందెంగా పెడుతుంది. అంత అవసరం ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఐటీఐ చేసిన వెల్డర్లు, పోర్టుల్లోనూ డ్యాముల దగ్గరా పనిచేసే సైటు ఇంజినీర్లు, ఈ రంగంలోకి రావాలనుకునే కుర్రాళ్లు, వీళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. చదివి నీళ్లలోకి దిగడానికి మాత్రం కాదు. వెల్డింగ్ ఎంత బాగా వచ్చినా, ఈత ఎంత బాగా వచ్చినా, కమర్షియల్ డైవింగ్ శిక్షణ, పైన పూర్తి టీమ్ లేకుండా ఈ పని ఎవరూ చేయకూడదు.

నీళ్లలో ఆర్క్ ఎలా వెలుగుతుంది

ఆర్క్, అంటే వెల్డింగ్ రాడ్డు కొనకీ ఉక్కుకీ మధ్య కరెంటు పుట్టించే మెరుపు, వెలగడానికి గాలి అక్కర్లేదు. రాడ్డు కొన ఉక్కుకు తగలగానే పుట్టే వేడికి పక్కనున్న నీరు ఆవిరై విడిపోతుంది. రాడ్డు పూత కాలి వచ్చే వాయువులు దానితో కలిసి ఒక బుడగ ఏర్పడుతుంది. ఆర్క్ వెలిగేది ఆ బుడగలోపల. బుడగ పెరిగి, పగిలి పైకి పోతుంది. ఆ వెంటనే ఇంకొకటి. సెకనులో ఇది ఎన్నోసార్లు జరుగుతుంది. 1932లో సోవియట్ ఇంజినీరు కాన్‌స్టాంటిన్ ఖ్రెనోవ్ నీరు చొరబడని పూతతో రాడ్డు తయారుచేసి నల్ల సముద్రంలో పరీక్షించారు. ఈనాటి తడి వెల్డింగ్ (నేరుగా నీళ్లలోనే చేసేది) అంతా ఆ దారిలో పెరిగిందే.

ఆ బుడగలో ఎక్కువ భాగం హైడ్రోజన్. అసలు ఇబ్బంది అక్కడే ఉంది. కరిగిన ఉక్కు హైడ్రోజన్‌ని పీల్చుకుంటుంది. చుట్టూ నీళ్లు ఉండటంతో వెల్డు వెంటనే చల్లారి, అది బయటికి పోయే వ్యవధి ఉండదు. పైగా, కమ్మరి ఎర్రగా కాల్చిన కత్తిని నీళ్లలో ముంచితే గట్టిపడినట్టే, వెల్డు పక్కన వేడి తగిలిన అంచు గట్టిపడి పెళుసుగా మారుతుంది. పెళుసుదనం, లోపల చిక్కుకున్న హైడ్రోజన్, చల్లారేటప్పుడు లోహంలో పుట్టే లాగుడు, ఈ మూడూ కలిస్తే పగులు వస్తుంది. అదీ వెంటనే రాదు. వెల్డు అయిపోయి, అందరూ ఇళ్లకు వెళ్లాక, గంటల తర్వాతో మర్నాడో రావచ్చు. లోతు పెరిగేకొద్దీ పీడనం పెరిగి, బుడగలు లోహంలోనే ఇరుక్కుని వెల్డులో రంధ్రాలు ఎక్కువవుతాయి. ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుందని గుర్తుంచుకోండి.

అందుకే మామూలు ఉక్కు మీద మంచి తడి వెల్డు పైన వేసిన వెల్డులో దాదాపు 80 శాతం బలం ఇస్తుందని, కానీ సాగే గుణం సగానికి పడిపోతుందని లెక్క చెబుతారు. బలం ఫర్వాలేదు, సాగే గుణమే పోతుంది. అలల తాకిడికి రోజంతా ఊగే కట్టడంలో ఇది చాలా పెద్ద విషయం.

దారి ఎంచుకోవడం

ఎప్పుడైనా ముందు చూడాల్సింది నీళ్లను దూరంగా పెట్టే దారి. ఉక్కు పలకలతో పని చోటు చుట్టూ గోడ కట్టి, నీళ్లు తోడేసి, లోపల మామూలు వెల్డింగ్ చేయడాన్ని కాఫర్‌డ్యామ్ పద్ధతి అంటారు. ఓడ అడుగున చిన్న పగులైతే బయటి నుంచి ఒక పెట్టె లాంటిది అంటించి, నీరు రాకుండా ఆపి, ఓడ లోపలి వైపు నుంచి వెల్డ్ చేస్తారు. డ్యాముల దగ్గర స్టాప్‌లాగ్ పలకలు చేసేదీ ఇదే: గేటు ముందు గాడిలో పలకలు దింపితే గేటు పొడిగా చేతికొస్తుంది. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు పారే నీళ్లలోనే ఈ పలకలు ఒక్కొక్కటిగా దింపి ప్రవాహాన్ని ఆపారు. వెల్డింగ్ అంతా ఒడ్డున, ఫ్యాబ్రికేషన్ షెడ్లలో జరిగింది. నా దృష్టిలో మంచి నీటి అడుగు రిపేరు అంటే అలాంటిదే, వీలైనంత వెల్డింగ్ పైనే అయిపోవాలి.

రెండోది పొడి గది. పైపులైను లేదా కాలమ్ చుట్టూ అడుగు తెరిచి ఉన్న గదిని దింపి, దానిలోకి బయటి నీటి పీడనానికి సమానంగా వాయువు నింపితే నీరు కిందికి నెట్టుకుపోతుంది. లోపల పొడి. వెల్డింగ్‌కి ముందు ఉక్కును వేడి చేయవచ్చు, తర్వాత నిదానంగా చల్లార్చవచ్చు, పరీక్షలన్నీ చేయవచ్చు. మొదటి రన్ (ఒక వరుస వెల్డు) టిగ్‌తో, అంటే టంగ్‌స్టన్ కొనతో జడవాయువు రక్షణలో వేసే పద్ధతిలో, మిగతా నింపుడు రాడ్డుతో వేయడం మామూలు. నాణ్యతలో ఒడ్డున వేసిన వెల్డుతో పోటీపడుతుంది. అయితే ఆ పీడనంలో మంటకు బలం ఎక్కువ కాబట్టి ఆక్సిజన్ శాతం అదుపులో ఉంచాలి. వెల్డింగ్ పొగ గదిలోనే తిరుగుతుంది కాబట్టి మాస్కుతో వేరే గాలి పీల్చాలి. ఖర్చు సంగతి చెప్పక్కర్లేదు: ప్రత్యేక నౌక, గది, వారాల తరబడి సిబ్బంది.

లోతు ఎక్కువైతే డైవర్లు నౌక మీద పీడనం నింపిన గదిలోనే రోజుల తరబడి ఉండి, అక్కడి నుంచి గంటలాంటి క్యాప్సూల్‌లో పనికి దిగి వస్తారు. దీన్ని సాచురేషన్ డైవింగ్ అంటారు. పని అయ్యాక మామూలు గాలికి రావడానికి ప్రతి 30 మీటర్లకు దాదాపు ఒక రోజు, దానిపైన ఇంకో రోజు పడుతుంది. విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టగా 2025 జులై 18న నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ నిస్తార్‌లో 300 మీటర్ల దాకా ఇలాంటి డైవింగ్‌కి ఏర్పాటు ఉంది. అంతకంటే లోతులో మనిషితో పని దాదాపు ఉండదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో కేజీ-డీ6 గ్యాస్ బ్లాకులోని ఆర్ క్లస్టర్ దగ్గర సముద్రం 2,000 మీటర్ల లోతు దాటుతుంది. అక్కడ రోబోలు, బిగించే కనెక్టర్లే దిక్కు.

మూడోది తడి వెల్డింగ్. డైవరూ, రాడ్డూ, ఉక్కూ అన్నీ నీళ్లలోనే. ఖర్చు తక్కువ, ఏర్పాటు వేగం, ఏ మూలకైనా చేయి దూరుతుంది. ఎక్కువ పని 50 మీటర్ల లోపే జరుగుతుంది. మిగతా వ్యాసమంతా దీని గురించే, ఎందుకంటే మన రేవుల్లో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే, తప్పులు ఎక్కువ జరిగేదీ ఇందులోనే.

ఒక పని, మొదటి నుంచి చివరి దాకా

జెట్టీని మోస్తున్న ఒక ఉక్కు పైలు (నేలలోకి దించిన బోలు స్తంభం) అనుకుందాం. నీటిమట్టానికి ఆరు మీటర్ల కింద తుప్పు తిని చిల్లి పడింది. దానిమీద వంపు తిప్పిన ప్లేటు వేసి చుట్టూ వెల్డ్ చేయాలి.

1. ఉక్కు ఏమిటో తెలుసుకోండి. దీన్ని వదిలేసి మిగతావన్నీ బాగా చేసినా లాభం లేదు. కట్టినప్పటి మిల్ టెస్ట్ సర్టిఫికెట్ (ఉక్కు కర్మాగారం ఇచ్చే పరీక్షల కాగితం) వెతకండి. దొరక్కపోతే చిన్న ముక్క కోసి ల్యాబ్‌కి పంపండి. కావాల్సింది కార్బన్ ఈక్వివలెంట్, అంటే ఉక్కు ఎంత తేలిగ్గా గట్టిపడి పగులుతుందో చెప్పే లెక్క: కార్బన్ శాతానికి మాంగనీస్‌లో ఆరో వంతు, క్రోమియం, మాలిబ్డినం, వెనేడియం మొత్తంలో అయిదో వంతు, నికెల్, రాగి మొత్తంలో పదిహేనో వంతు కలపాలి. 0.40 దాటితే తడి వెల్డింగ్‌లో పగుళ్ల భయం బాగా పెరుగుతుంది. కార్బన్ 0.20, మాంగనీస్ 1.20 ఉన్న ప్లేటుకు ఈ రెండింటితోనే 0.40 వచ్చేస్తుంది. మన దగ్గర ఎక్కడ చూసినా కనిపించే ఐఎస్ 2062 ఈ250 ప్లేటుకు అనుమతించే గరిష్ఠం కూడా 0.40 చుట్టుపక్కలే. కాబట్టి ‘మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటే కదా’ అనుకుని దిగకండి. కొత్తగా వేసే ప్లేటు మన చేతిలో ఉంది, దాన్నయినా తక్కువ కార్బన్‌ది ఎంచుకోండి.

2. జాయింటు డిజైన్ పైనే తేల్చండి. నీళ్లలో బట్ జాయింటు (రెండు అంచులు ఎదురెదురుగా పెట్టి అతకడం) వేయాలని చూడకండి. అంచులు చెక్కి, గ్యాప్ సరిచూసి, మొదటి రన్ లోపలిదాకా దిగేలా వేయడం పైనే కష్టం. నీళ్లలో కన్ను ఆనని చోట అది జూదమే. చిల్లి కంటే బాగా పెద్ద ప్లేటు వేసి అంచు వెంబడి ఫిల్లెట్ వెల్డు (ప్లేటు అంచుకీ పైలుకీ మధ్య మూలను నింపేది) వేయండి. మూలలు గుండ్రంగా కోయించండి, పదునైన మూల దగ్గరే పగులు మొదలవుతుంది. ప్లేటు వంపు పైలు వంపుతో అచ్చంగా కలవాలి. గ్యాప్ ఒకటిన్నర మిల్లీమీటరు దాటితే తడి వెల్డింగ్‌లో సర్దుకోవడం కష్టం. ఈ వంపు వర్క్‌షాపులో అరపూట పనే, నీళ్లలో సరిచేయాలంటే రోజులు పోతాయి.

3. ప్రొసీజర్ రాయించి, అదే లోతులో పరీక్షించండి. అమెరికన్ వెల్డింగ్ సొసైటీ డీ3.6ఎం కోడ్ ఈ పనికి ప్రామాణికం. అందులో క్లాస్ ఏ వెల్డులు పైన వేసిన వాటికి సాటి, క్లాస్ బీ అంత కీలకం కాని చోట్లకు. ఏ క్లాస్ కావాలో పని ఇచ్చేవాళ్లు ముందే రాసివ్వాలి. అసలు పని మొదలుపెట్టే ముందు అదే డైవరు, అదే మెషీన్, అదే రాడ్డుతో, అదే లోతులో ఒక నమూనా వెల్డు వేసి పైకి తెచ్చి విరిచి చూడాలని ఈ కోడ్ చెబుతుంది. సైటులో టైం లేదని చాలాచోట్ల మొదట ఎగ్గొట్టేది దీన్నే. విరిగిన ఫిల్లెట్ లోపల రంధ్రాలు, స్లాగ్ (రాడ్డు పూత కాలి మిగిలే చిట్టెం) గీతలు కంటికి కనిపిస్తాయి. అవి పైలు మీద కాకుండా చేతిలో కనిపించడం ఎంత మేలో ఆలోచించండి.

4. పైన ఏర్పాట్లు. మెషీన్ డీసీ మాత్రమే, కనీసం 300 ఆంపియర్లు ఇవ్వగలది. ఏసీ నీళ్లలో ప్రాణాంతకం, దాని మాటే ఎత్తొద్దు. హోల్డర్ నెగటివ్‌కి కలపండి. ఉల్టా కలిపితే విద్యుద్విశ్లేషణకు హోల్డరే తినేసుకుపోతుంది. కేబుల్ పొడవు వల్ల ఓల్టేజీ పడిపోతుంది, లావు కేబుల్ వాడాలి, జాయింట్లన్నీ ఇన్సులేషన్ టేపుతో మూయాలి. పైన వాడే కరెంటు కంటే కొంత ఎక్కువ పెట్టాల్సి వస్తుంది. ఎంతో నమూనా వెల్డే చెబుతుంది.

మెషీన్‌కీ హోల్డర్‌కీ మధ్య సేఫ్టీ స్విచ్ ఉండాలి, దాని దగ్గర ఆ ఒక్క పనికే ఒక మనిషి కూర్చోవాలి. రాడ్లు నీరు చొరబడని పూత ఉన్నవి, మామూలుగా 3.2 లేదా 4 మిల్లీమీటర్లవి. ఒకేసారి కట్టలు కట్టి కిందికి పంపకండి. కాసేపట్లో అయిపోయేన్ని పంపండి, నీళ్లలో నానిన రాడ్డును మళ్లీ వాడకండి.

మనిషి వైపు చూస్తే: పైనుంచి గాలి, మాట, లోతు కొలిచే గొట్టం ఉన్న అంబిలికల్, గట్టి హెల్మెట్, వీపు మీద అత్యవసర గాలి సిలిండరు, చేతులకు చిరుగు లేని రబ్బరు గ్లౌజులు. పైన సూపర్‌వైజర్, అంబిలికల్ పట్టుకునే టెండర్, సగం తొడుక్కుని సిద్ధంగా కూర్చున్న స్టాండ్‌బై డైవర్. స్కూబా సిలిండరుతో వెల్డింగ్‌కి దింపే కాంట్రాక్టరు ఎదురైతే ఆ పని ఒప్పుకోకండి.

5. శుభ్రం చేసి, ప్లేటు అమర్చండి. పైలు మీద గుల్లలు, పాచి, తుప్పు పెచ్చులు, పాత పెయింటు అన్నీ పోవాలి. ముందు గీకుడు కత్తి, తర్వాత హైడ్రాలిక్ గ్రైండరు. వెల్డు పడే గీత వెంబడి ఉక్కు తెల్లగా మెరవాలి. తర్వాత చిల్లి చుట్టూ మందం కొలవండి. బయటికి బాగున్నట్టు కనిపించే ఉక్కు లోపల అట్టముక్కంత పలచనై ఉంటే వెల్డు వేసిన చోటే కొత్త చిల్లి పడుతుంది.

ఇంకో సంగతి. పైలు లోపల బోలు. వెల్డింగ్ బుడగల హైడ్రోజన్ చిల్లిలోంచి లోపలికి పోయి పైన కాంక్రీటు కింద చేరుతుంది. కటింగ్‌కి ఆక్సిజన్ కూడా వాడితే రెండూ కలిసి ఒక నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటాయి. పైలు పైభాగంలో గాలి పోయే రంధ్రం వేయించకుండా పని మొదలుపెట్టొద్దు. నీళ్లలో కటింగ్, వెల్డింగ్ చేసేవాళ్లను పొట్టన పెట్టుకున్నవాటిలో ఇలా చేరిన వాయువు పేలుళ్లు ముఖ్యమైనవి.

6. ఎర్త్ క్లాంపు. కరెంటు మెషీన్‌కి తిరిగి వెళ్లే దారి ఇదే. శుభ్రం చేసిన ఉక్కుకే బిగించాలి, పని చోటుకు దగ్గరగా, డైవర్‌కి ఎదురుగా. ఎర్త్‌కీ రాడ్డుకీ మధ్య మనిషి శరీరం ఎప్పుడూ రాకూడదు, ఎర్త్‌కి వీపు తిప్పకూడదు. వెల్డింగ్ చేసేటప్పుడు నోట్లో లోహపు రుచి తగిలితే దారితప్పిన కరెంటు శరీరంలోంచి పోతోందని అర్థం. పళ్లలో వెండిరంగు ఫిల్లింగులున్న డైవర్లకు అవి దెబ్బతినేది దీనివల్లే. వెంటనే ఆపించి ఎర్తూ గ్లౌజులూ చూసుకోవాలి. మంచినీళ్లలో, అంటే డ్యాములు, నదుల్లో, కరెంటుకు నీటికంటే మనిషి శరీరమే తేలికైన దారి అవుతుంది కాబట్టి అక్కడ ఇంకా జాగ్రత్త.

7. వెల్డింగ్. డైవర్ రాడ్డు బిగించి, ఉక్కుకు ఆనించి, హెల్మెట్ ముందు నల్ల అద్దం దించుకున్నాక ‘స్విచ్ ఆన్’ అంటాడు. పైన స్విచ్ మనిషి ఆన్ చేసి ‘ఆన్’ అని తిరిగి చెబుతాడు. రాడ్డు అయిపోగానే ‘స్విచ్ ఆఫ్’. పైనుంచి ‘ఆఫ్’ అని వినిపించేదాకా డైవర్ హోల్డర్‌ని కదపడు, రాడ్డు మార్చడు. రాడ్డు మార్చేటప్పుడు కరెంటు ఉండటాన్ని మించిన ప్రమాదాలు ఈ పనిలో తక్కువే. ఆ రెండు మాటలు తప్ప ఆ సమయంలో ఆ లైన్లో వేరే కబురు వినపడకూడదు.

రాడ్డును 15 నుంచి 45 డిగ్రీల వాలుతో పట్టి, జాయింటుకు ఆనించి ఈడుస్తూ పోవాలి. పైన నేర్చుకున్నట్టు ఆర్క్ పొడవు చేత్తో నిలబెట్టక్కర్లేదు. పూత లోపలి తీగ కంటే నెమ్మదిగా కాలడంతో కొన దగ్గర చిన్న దొప్పలా మిగులుతుంది, ఆర్క్ ఆ దొప్పలోపలే ఉంటుంది. చేతికి తెలియాల్సింది రాడ్డు కరుగుతున్న వేగం, దాన్నిబట్టి చేయి జరుపుకుంటూ పోవాలి. బుడగల జోరుకు ఎదురుగా ఏమీ కనిపించని క్షణాలు చాలా ఉంటాయి. అందుకే రెండో చేతి వేళ్లతో ప్లేటు అంచు తడుముతూ రాడ్డును నడిపిస్తారు అనుభవజ్ఞులు. ముందు నాలుగువైపులా టాకులు (ప్లేటు కదలకుండా వేసే చిన్న అతుకులు), తర్వాత చిన్న చిన్న ముక్కలుగా ఎదురెదురు వైపుల్లో రన్లు. ప్రతి రన్ తర్వాత స్లాగ్ పూర్తిగా కొట్టి, బ్రష్ చేసి, అప్పుడే తర్వాతిది.

ఉక్కు కాస్త మొండిదైతే టెంపర్ బీడ్ పద్ధతి ఉంది: మొదటి రన్ వేసిన కొద్దిసేపటికే, లెక్క ప్రకారం దాని అంచు నుంచి కొంచెం లోపలికి రెండోది వేస్తారు. రెండో రన్ వేడి మొదటిదాని పక్కన పెళుసుబారిన ఉక్కును మెత్తబరుస్తుంది. ఎంత దూరం, ఎంత వ్యవధి అన్నది ప్రొసీజర్‌లోనే రాసి, నమూనా మీద నిరూపించి ఉండాలి. అప్పటికప్పుడు ఊహతో చేసేది కాదు.

8. తనిఖీ. అదే రోజు కంటితో, వీడియోతో చూడండి, సైజు గేజ్‌తో కొలవండి. ఆలస్యంగా వచ్చే పగుళ్ల కోసం కనీసం ఒకటి రెండు రోజులు ఆగి మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష (అయస్కాంతం, ఇనుప పొడితో పగుళ్లు పట్టేది) చేయించండి. ఓడ మీద పని అయితే క్లాస్ సొసైటీ (ఓడలకు ప్రమాణాలు పెట్టి తనిఖీ చేసే సంస్థ) సర్వేయరును మొదటి నుంచీ పిలవాలి. తడి వెల్డును చాలా సందర్భాల్లో వచ్చే డ్రై డాకింగ్ దాకా తాత్కాలికంగానే ఒప్పుకుంటారు.

నీళ్లు చేసే అసలు ప్రమాదం

కరెంటు అంటే అందరికీ భయమే, అందుకే జాగ్రత్తపడతారు. పీడనం తేడాను మాత్రం చాలామంది పట్టించుకోరు. గోడకు ఒకవైపు నీళ్లు, రెండోవైపు ఖాళీ ఉంటే, మధ్యలో చిన్న సందు చాలు, చేయో కాలో లాగేసుకుని వదలదు. డ్యాం గేట్లు, ఇన్‌టేక్ పైపులు, పంపుల దగ్గర ఇది మనిషిని చంపుతుంది. 2022 ఫిబ్రవరి 25న ట్రినిడాడ్ తీరంలో 30 అంగుళాల పైపులైను మీద పొడి గదిలో పనిచేస్తున్న అయిదుగురు డైవర్లను పైపు ఒక్కసారిగా లోపలికి లాక్కుంది. ఒక్కరే బతికి బయటపడ్డారు. గది పొడిగా ఉన్నంత మాత్రాన ప్రమాదం లేనట్టు కాదని ఆ ఘటన చెబుతోంది. పంపులు, గేట్లు అన్నీ ఆపి, తాళం వేసి, తాళంచెవి డైవింగ్ సూపర్‌వైజర్ చేతికి ఇచ్చాకే డైవర్ దిగాలి.

ప్రవాహం, బురద సంగతి వేరే చెప్పాలా? 2024 సెప్టెంబరు వరదల్లో ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర ఇరుక్కున్న బోట్లను కోయడానికి విశాఖ నుంచి వచ్చిన డైవర్లు ఎంత కష్టపడ్డారో మనం టీవీల్లో చూశాం. రేవుల్లో పని పోటు పాటు మధ్య నీరు నిలిచే కాస్త సమయానికి కుదించుకోవాల్సి వస్తుంది. ఆరు మీటర్ల మన పైలు దగ్గర డీకంప్రెషన్ బాధ (పీడనం తగ్గేటప్పుడు ఒంట్లో వాయువు బుడగలు కట్టడం) దాదాపు ఉండదు గానీ, కంగారులో ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఆ లోతులోనూ ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. 30, 40 మీటర్లకు వెళ్తే పట్టిక ప్రకారం ఆగుతూ రావాలి, సైటులో డీకంప్రెషన్ చాంబర్ ఉండాలి.

ఎప్పుడు తడి, ఎప్పుడు పొడి

తడి వెల్డింగ్ ఇచ్చే పెద్ద లాభం ఆగకుండా పని సాగడమే. ఓడ సరుకు దించుతూ ఉండగానే, జెట్టీ మీద లారీలు నడుస్తూ ఉండగానే కింద రిపేరు అయిపోతుంది. జెట్టీ పైళ్లకు, ఆనోడ్లు (ఉక్కుకు బదులు తాము తుప్పుపట్టే లోహపు దిమ్మెలు) అతకడానికి, ఓడ అడుగున చిన్న చిల్లులకు ఇదే సరి. చమురు, గ్యాస్ పైపులైన్లు, హై టెన్సైల్ (ఎక్కువ బలం గల) ఉక్కు, రోజంతా ఊగే ప్లాట్‌ఫారం జాయింట్లకు పొడి గది ఖర్చు భరించాల్సిందే. విరిగితే ఎవరికి ఏమవుతుందో రాసుకుని చూడండి, సగం నిర్ణయం అక్కడే తేలిపోతుంది. పొడి గది బడ్జెట్ లేదని కీలకమైన జాయింటును తడిగా వెల్డ్ చేయించడం కంటే మెకానికల్ క్లాంపు బిగించడం వెయ్యి రెట్లు నయం.

ఈ పనిలోకి రావాలంటే

ముందు పైన వెల్డర్‌గా చేయి తిరగాలి. రాడ్డుతో అన్ని పొజిషన్లలో, 6జీ (వాలుగా బిగించి కదపకుండా వెల్డ్ చేసే) పైపు దాకా. కొన్నేళ్లు ఫ్యాబ్రికేషన్ యార్డులో పనిచేయడం మంచిది. తర్వాత సర్ఫేస్ సప్లై (పైనుంచి గొట్టంతో గాలి అందించే) కమర్షియల్ డైవింగ్ కోర్సు, డైవింగ్‌కి సరిపోతారన్న మెడికల్ పరీక్ష. టూరిస్టు స్కూబా కార్డు ఇక్కడ చెల్లదు. కొత్తగా వచ్చినవాళ్లు మొదట టెండర్‌గా పైనే ఎక్కువ కాలం ఉంటారు, దానికి చిన్నబుచ్చుకోవద్దు, స్విచ్ క్రమశిక్షణ ఒంటబట్టేది అక్కడే. యూట్యూబ్‌లో చూపించే జీతాలు ఎక్కువగా లోతు సముద్రంలో సాచురేషన్ చేసేవాళ్లవి, అక్కడికి చేరడానికి ఏళ్లు పడుతుంది. కోర్సులో చేరే ముందు ఆ సంస్థను మూడు అడగండి: వాళ్లిచ్చే సర్టిఫికెట్ ఆఫ్‌షోర్ కంపెనీల దగ్గర చెల్లుతుందా, శిక్షణలో హెల్మెట్, అంబిలికల్‌తో ఎన్ని గంటలు నీళ్లలో ఉంచుతారు, సైటులో డీకంప్రెషన్ చాంబర్ పనిచేస్తోందా. మూడోదానికి జవాబు నోటితో వినకండి, వెళ్లి చూసి రండి.